చింతపండు దవాఖాన

మేడం పోయిందన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. పాత బడిలో కలిసి పనిచేసిన సార్ల గ్రూపు ఒకటి ఉంది. పండగలకు శుభాకాంక్షలు, ఎవరైనా రిటైరైతే పూలగుత్తుల బొమ్మలు, అంతకు మించి అందులో ఏమీ రావు. ఆ ఉదయం ఆమె ఫోటో వచ్చింది. దాని కింద అందరూ వరసగా దండం బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. అంతలో మా వీధిలోకి కూరగాయల బండి వస్తే పోయి బెండకాయలు తెచ్చుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కుర్చీలో కూర్చుని చూశాను. రాలేదు. బెండకాయలు తరిగాను.

బయ్యారం దగ్గర ఒక హైస్కూల్లో ఆమె, నేను ఆరేళ్ళు పనిచేశాం. నాది తెలుగు, ఆమెది సాంఘికశాస్త్రం. పొట్టి మనిషి. భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచి, అందులో ఏదో ఒక గింజో కాయో ఉండేది. ఆమెతో పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఒక మాట అడిగి జవాబు వచ్చేదాకా ఆగేది. మనమందరం అడిగి, జవాబు కూడా మనమే చెప్పేసి ముందుకు పోతాం కదా. ఆమె అట్లా కాదు. అడిగి, మన మొహం కూడా చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేది. ఆ నిశ్శబ్దానికి నాకు ఒళ్ళు మండేది. అయినా చివరికి ఏదో ఒకటి నిజం చెప్పేసేవాణ్ణి.

హాజరు పిలవడంలో కూడా ఆమె పద్ధతి వేరు. పిల్లలు 'ప్రెజెంట్ మేడం' అంటే ఒప్పుకునేది కాదు.

"వచ్చినవని కండ్లకు కనవడ్తనే ఉన్నది గద. పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు" అనేది.

ఒకడు చాయ్‌ల రొట్టె అనేవాడు, ఒకతి సద్దిబువ్వ అనేది, ఇంకొకతి తల దించుకుని ఏం తినలే మేడం అనేది. ఎవరూ నవ్వకూడదు. నవ్విన పిల్ల ఆ రోజు ఆమె పక్కన కూర్చోవాలి, అంతకన్నా శిక్ష లేదు. దీంతో హాజరుకే పావుగంట పట్టేది. పెద్దసారు గొణిగేవాడు. నెల తిరిగేసరికి ఆమె ఒక కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. తండాల నుంచి నడిచి వచ్చే పిల్లల్లో చాలామంది ఉత్త చాయ్ తాగి వస్తున్నారు, వాళ్ళకు రెండో పీరియడ్ లెక్కలు ఎక్కడం లేదు, లెక్కలు మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్చండి అని.

లెక్కల సారుకు కోపం వచ్చింది. "తిన్నంక నిద్రవోతరు మేడం."

"ఇప్పుడు మేల్కొని ఏం జేస్తున్నరు సార్?"

టైంటేబుల్ మారింది. ఆ ఏడాది అందరూ లెక్కల్లో పాసయ్యారని చెప్పను. దెబ్బలు తినడం మాత్రం తగ్గింది.

పిల్లల మనసు గురించి మూడు రోజుల శిక్షణ ఉంది, బడికొకరు వరంగల్ రావాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు, మేమందరం ఎవరి పనులు వాళ్ళు గుర్తుచేసుకున్నాం. నాకు ఆ మూడు రోజులూ నర్మెట్టలో చుట్టాల పెళ్లి పడింది. నిజానికి పెళ్లి ఒక్క రోజే. మేడం పోయింది. తిరిగొచ్చాక అడిగాను, ఏం నేర్పారని.

"నోరు మూసుకొని కూసునుడు నేర్పిన్రు సార్" అంది.

అప్పటినుంచి ఖాళీ పీరియడ్లలో సైన్సు గది వెనక వరండాలో పాత న్యూస్‌పేపరు పరుచుకుని కూర్చునేది. ఎండాకాలం ముందర సంచిలోంచి చింతపండు తీసేది. ఏ పిల్లనైనా పిలవాలనుకుంటే "జర చింతపండు ఒలిసిద్దువు రా బిడ్డా" అని పిలిచేది. ఎదురుగా కూర్చోనిచ్చేది కాదు, పక్కన కూర్చోబెట్టుకునేది. ఇద్దరూ గింజలు తీస్తూ ఉండేవాళ్ళు. అరగంట మాట ఉండేది కాదు. తర్వాత ఎప్పుడో ఆ పిల్ల నోరు తెరిచేది. "మొకం మొకం జూసుకుంట కూసుంటే పోలీస్‌స్టేషన్ లెక్కుంటది సార్. చేతుల పనుంటే ఎవలకు భయముండది" అని ఒకసారి నాకు చెప్పింది. చింతపండు అయిపోయిన రోజుల్లో పెసర్లు, పల్లికాయలు, ఏదో ఒకటి ఉండేది.

స్టాఫ్‌రూంలో మేం ఊరుకుంటామా. మేడం ఇంటి చింతపండు మొత్తం సర్కారు బడి పిల్లలే ఒలుస్తున్నారని ఒకరన్నారు. ఆ వరండాకు 'చింతపండు దవాఖాన' అని పేరు పెట్టింది నేనే. పేర్లు పెట్టడంలో నాకు పేరుండేది. ఆమె విని నవ్వింది. "మంచిగనే ఉన్నది. ఓపీ చిట్టీ మీరు రాయుండ్రి సార్, దస్తూరి బాగుంటది మీది" అంది.

అప్పటికి ఉద్యమం ఊళ్ళోకి, బళ్ళోకి, మా నోళ్ళలోకి పూర్తిగా వచ్చేసింది. బడి అయిపోగానే నేను చౌరస్తాలో రిలే దీక్షల టెంటుకు పోయేవాణ్ణి. పాటలు రాసిచ్చేవాణ్ణి, బ్యానర్లు, బోర్డులు రాసేవాణ్ణి, మైకు పట్టుకునేవాణ్ణి. రాష్ట్రం రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను, అందులో ఇప్పటికీ నాకు అనుమానం లేదు. ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫోటోలు టెంటులో వరసగా ఉండేవి. మొదటి ఫోటోకు దండ వేసినప్పుడు కింద ఉన్న పేరు, ఊరు, వయసు చదివాను. తర్వాత తర్వాత చదవడం మానేశాను. దండ వేసి, నినాదం ఇచ్చి, పోయి చాయ్ తాగేవాళ్ళం. ఎప్పుడు అట్లా మొద్దుబారిపోయానో నాకు తెలియదు. మేడం ఒకసారి టెంటుకు వచ్చింది. ఆ ఫోటోలు ఒక్కొక్కటే చూసి, "వీళ్లు కూడ ఏదో బడిల కూసున్న పోరగాండ్లే గద" అని పోయింది. మళ్ళీ రాలేదు. ఆమెకు ఉద్యమం పట్టదని మేమనుకున్నాం.

సకల జనుల సమ్మెకు ముందు, ఆగస్టులో, టెంటు తరఫున బళ్ళలో వ్యాసరచన పోటీ పెట్టాం. అంశం 'అమరులకు ఉత్తరం'. పెట్టింది నేనే, దిద్దింది నేనే. పదో తరగతి సరిత రాసినదానికి మొదటి బహుమతి ఇచ్చాను. సరిత తండా పిల్ల. ఇంట్లో వాళ్ళ భాషే తప్ప తెలుగు మాట్లాడరు. అట్లాంటి పిల్ల ఒక్క తప్పు లేకుండా రెండు పేజీలు రాసింది. మీ వెనక నేనూ వస్తున్న అని రాసింది. నేను లేకుంటే మా చెల్లెకు పొద్దుగాల జడలు ఎవలేస్తరో అదొక్కటే రంది అని రాసింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'కరుణరసం, చాలా బాగుంది' అని రాసి రెండు మార్కులు ఎక్కువ వేశాను.

టెంటులో ఆ పిల్లతోనే మైకులో చదివించాం. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. చప్పట్లు ఎంతసేపు కొట్టారో. ఒకామె పోయి సరిత నుదుటి మీద ముద్దు పెట్టింది. పిల్ల మొహంలో సంతోషం లేదు, సిగ్గుపడుతోందనుకున్నాను. వచ్చేవారం మానుకోట సభలో కూడా చదివిద్దామని టెంటు అధ్యక్షుడు అన్నాడు. ఆయన కాలేజీలో లెక్చరరు, గట్టి మనిషి. సరేనని పేరు ఇచ్చాను.

మర్నాడు మేడం ఆ ఉత్తరం అడిగి తీసుకుంది. స్టాఫ్‌రూంలో నిలబడి చదివి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, గిండ్ల చెల్లె జడల ముచ్చట ఎందుకొచ్చింది?"

"అదే గద మేడం అందం. ఎక్కడి ఉద్యమం, ఎక్కడి జడలు. గొప్ప రచయితలకే తడుతది అట్లాంటిది."

ఆమె కిటికీ వైపు చూసింది. నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను. చివరికి ఆమే మాట్లాడింది.

"ఉపన్యాసానికి రాసేటోళ్లకు జడలు గుర్తుకురావు సార్. పోవాల్నని మనసుల వెట్టుకున్నోళ్లకు ఎనుక ఎవలు ఆగమైతరో గది గుర్తుకొస్తది. సరిత వాళ్లమ్మ ఎండకాలంల సచ్చిపోయింది, మీకెరుకేనా? జూన్‌కెల్లి హాజరుల ఆ పిల్ల ఉత్తగ 'తిన్న' అంటది. ఏం తిన్నదో చెప్తలేదు. నేను గూడ ఆల్స్యం చేసిన."

నాకు తెలియదు. మూడేళ్ళ నుంచి ఆ పిల్లకు పాఠం చెబుతున్నాను, తెలియదు. కానీ అప్పుడు నాకు వచ్చింది కోపం. మంచి ఉత్తరాన్ని పట్టుకుని రోగం అంటోందని. మధ్యాహ్నం వరండాలో సరిత ఆమె పక్కన కూర్చుని పెసర్లు ఏరడం చూశాను. సాయంత్రం మేడం నాతో అంది, "అడిగిన సార్. సచ్చిపోవాలనుకుంటున్నవా బిడ్డా అని సీదా అడిగిన."

"అట్లడుగుతరా మేడం చిన్నపిల్లను? లేని ఆలోచన మనమే పుట్టించినట్టైతది."

"అట్లనే అడగాలని చెప్పిన్రు శిక్షణల. అడగకుంటనే భయమంట. అవునన్నది. ఆనక శానసేపు ఏడ్సింది. పెసర్లన్నీ తడిసినయ్." సంచి భుజానికి తగిలించుకుంటూ, "మానుకోట మీటింగుకు ఆ పిల్లను కొంచవోకుండ్రి. ఇంకోసారి చప్పట్లు గొడితే ఎన్కకు రాలేదు" అంది.

పిల్లకు జ్వరమని అధ్యక్షుడికి చెప్పి పేరు తీయించాను. అంతవరకు చేశాను. మేడం వరంగల్ పెద్ద దవాఖానకు సరితను, వాళ్ళ నాయనమ్మను తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయిన తండ్రిని ఫోన్ చేసి పిలిపించింది. అంతలో సమ్మె వచ్చింది.

బళ్ళు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. మేమందరం టెంటులోనే. వంటలు రోడ్ల మీద, ఆటలు రోడ్ల మీద. మేడం కూడా సమ్మె కాగితం మీద సంతకం పెట్టింది, బడి గడప తొక్కలేదు. కానీ రోజూ పది గంటలకు ఆటో ఎక్కి టెంటు ముందు నుంచే సరిత తండాకు పోయేది. సాయంత్రం తిరిగి వచ్చేది. నాలుగు రోజులు చూసి టెంటులో గుసగుసలు మొదలయ్యాయి, తండాలో పదో తరగతి పిల్లలకు దొంగచాటుగా పాఠాలు చెబుతోందని. అధ్యక్షుడు నన్ను పంపించాడు. "నీ దోస్తే గద సార్, పోయి సమజ్ చేసి రా. ఒక్కలు పోతే పదిమంది పోతరు."

నేను పోయేసరికి సరిత ఇంటి ముందు మక్కకంకులు కుప్ప పోసి ఉన్నాయి. మేడం, సరిత, నాయనమ్మ వరసగా కూర్చుని ఒలుస్తున్నారు. చిన్నపిల్ల అక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పుస్తకం అన్నది ఎక్కడా లేదు. నేను కూడా కూర్చుని ఒక కంకి తీసుకున్నాను. గంటసేపు ఒలిచాం. నాయనమ్మ నాకు చాయ్ ఇస్తూ అంది, "మేడం వస్తది, కూసుంటది, పోతది. మా పోరి గిప్పుడు బువ్వ తింటాంది."

బయటికి సాగనంపుతూ మేడం చెప్పింది. "తండ్రి నెలకొకసారి వస్తడు. నాయనమ్మకు కండ్లు సరిగ కనవడయ్. బడి ఉంటే దినాం మన కండ్ల ముందట ఉంటుండె. గిప్పుడు బడి లేదు. అందుకే వస్తున్న. ఈ ముచ్చట టెంట్ల చెప్పకుండ్రి సార్. ఆ పిల్ల పేరు ఇంకొకసారి మైకుల రావద్దు. ఊరంత జాలి జూపిస్తే తట్టుకోదు."

"మరి మిమ్ములను ఏమన్న అంటే?"

"అననియ్యుండ్రి."

తిరిగి వచ్చాక అధ్యక్షుడు అడిగాడు, చదువు చెబుతోందా లేదా అని. లేదు, నా కళ్ళతో చూశాను అని చెప్పడానికి సరిత పేరు అక్కర్లేదు. ఆ మాట నాకు ఇప్పుడు తడుతోంది. అప్పుడు, "ఏమో, నేను పోయేవరకు మేడం లేచి పోతున్నది" అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. భయం అని ఒక్క మాటతో తేల్చేస్తే నన్ను నేను వదిలేసినట్టవుతుంది. అందరూ ఒక వైపు ఉన్నప్పుడు అటువైపే ఉండడంలో ఒక సుఖం ఉంది, ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు.

మర్నాడు టెంటు ముందు ఒక నల్లబోర్డు పెట్టారు. 'సమ్మె ద్రోహులు' అని పైన రాసి, కింద పేర్లు రాయమన్నారు. దస్తూరి బాగుంటుందని సుద్దముక్క నాకిచ్చారు. మూడు పేర్లు చెప్పారు. మూడోది మేడంది. గుండ్రంగా, పొల్లులు, ఒత్తులు ఎక్కడివక్కడ పెట్టి రాశాను. రాస్తున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఎవరిదో చెయ్యి రాస్తున్నట్టుంది.

ఆ బోర్డు సమ్మె అయ్యేదాకా అక్కడే ఉంది. మేడం ఆటో రోజూ దాని ముందు నుంచే పోయేది. సద్దుల బతుకమ్మ రోజు ఆమె తంగేడుపూల బతుకమ్మను పేర్చుకుని చౌరస్తాకు వచ్చింది. తెచ్చి అందరివాటి పక్కన పెట్టింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తమ బతుకమ్మలు తీసుకుని నాలుగడుగులు అవతల పెట్టుకున్నారు, అక్కడ ఆట మొదలుపెట్టారు. ఆమె కొంతసేపు నిలబడి, తన బతుకమ్మను ఎత్తుకుని ఒక్కతే చెరువు వైపు పోయింది. నేను టెంటులో మైకు దగ్గర ఉన్నాను. పాటకు వంత పాడుతున్నాను.

నెల తర్వాత బడి తెరిచారు. మొదటి రోజు మేడం స్టాఫ్‌రూంలోకి వచ్చి సంచి కుర్చీకి తగిలించింది. "నీ దస్తూరి దూరంకెల్లే గుర్తువట్టిన సార్" అంది. అప్పటిదాకా ఎప్పుడూ నన్ను 'మీరు' అనేది. ఆ ఒక్క మాటలో 'నీ' వచ్చింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రిజిస్టరు తీసుకుని తరగతికి పోయింది. ఆ రోజు హాజరులో సరిత జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు అని చెప్పిందట. మేడం ఆ సంగతి నాకు చెప్పాల్సిన అవసరం లేదు. అయినా చెప్పింది.

రాష్ట్రం వచ్చింది. ఉద్యమంలో పనిచేసిన ఉపాధ్యాయులకు శాలువాలు కప్పారు. నాకు రెండు వచ్చాయి. మేడంను ఎవరూ పిలవలేదు. అప్పటికే ఆమె బదిలీ మీద మహదేవపూర్ వైపు పోయింది. అక్కడా ఏదో వరండాలో పేపరు పరుచుకుని కూర్చుందని విన్నాను. క్షమించమని అడగాలని రెండు మూడుసార్లు ఫోన్ తీశాను. నేను అడిగితే ఆమె కిటికీ వైపు చూస్తూ ఆగుతుంది, ఆ ఆగడం ఫోన్‌లో ఎట్లా భరించాలో తెలియక పెట్టేశాను.

మేడం పోయిన పదో రోజు భోజనానికి భూపాలపల్లిలో వాళ్ళింటికి పోయాను. మా పాత బడి వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. పంక్తిలో కూర్చున్నప్పుడు ఒకాయన, "మంచి మనిషే. సమ్మెల ఒక్కటి జర అట్ల చేసింది గని" అన్నాడు. నేను పప్పు కలుపుకుంటున్నాను. ఎదురు వరసలో ఒకామె తలెత్తి చూసింది. సరిత. మానుకోట కోర్టులో టైపిస్టుగా చేస్తోందట. ఇద్దరు పిల్లలు.

బస్టాండు దాకా కలిసి నడిచాం. దారిలో అడిగింది. "సార్, సమ్మెల మేడం ఏం చేసింది? ఆయన ఎందుకట్లన్నడు?"

చెప్పాను. టెంటు, గుసగుసలు, బోర్డు, బతుకమ్మ. ఆమెకు ఇవేవీ తెలియవు. మేడం ఒక్క ముక్క చెప్పలేదట. నడవడం ఆపి రోడ్డు పక్కన నిలబడింది.

"నా దగ్గర కూసునుటానికి వచ్చిందని మీకెరుకే గద సార్. మీరు వచ్చిన్రు ఆ రోజు, మక్కలు కూడ ఒలిసిన్రు."

"ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పొద్దన్నది మేడం. నీ పేరు బయటికి రావద్దన్నది."

సరిత మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. తర్వాత మెల్లగా అంది, కోపం కూడా లేదు ఆ గొంతులో. "నా పేరు చెప్పొద్దన్నది సార్. పాఠాలు చెప్తలేదని చెప్పొద్దనలే గద."

బస్టాండు వచ్చేసింది. ఆమె బస్సు ముందొచ్చింది, దండం పెట్టి ఎక్కింది. జనగామ బస్సు కోసం నేను ఇంకో గంట కూర్చున్నాను. సిగ్గు కూడా అప్పుడు రాలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే వస్తోంది.

ఆ బోర్డు మీద పేరు రాసింది ఎవరో సరిత అడగలేదు, నేను చెప్పలేదు. ఇదంతా చదివి ఎవరైనా మేడం పేరేమిటని అడగవచ్చు. ఆమె పేరు ఒకసారి నా చేత్తో రాశాను. మళ్ళీ రాయడానికి చెయ్యి రావడం లేదు.